మా వంశచరిత్రను ఎక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మీ నాన్నగారి వైపు వారిది ఒంగోలు దగ్గరి పల్లె, అమ్మగారి వైపు వారిది సూర్యాపేట ప్రాంతం. తాతగారి పేరు, ఆయన తండ్రి పేరు మాత్రమే మీకు తెలుసు. ఇంటిపేరు ఒక ఊరి పేరే కాబట్టి ఆ ఊరికి వెళ్తే మూలాలు దొరుకుతాయా అన్నది మొదటి ప్రశ్న. తాతగారి అన్న ఒకాయన రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళి తిరిగి రాలేదట, ఆయన జాడ తెలుస్తుందా అన్నది రెండోది. అసలు ఏ కాగితంతో మొదలుపెట్టాలన్నది మూడోది. నేను రెవెన్యూ శాఖలో చాలా ఏళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. పాత అడంగళ్ళ (ఏ పొలం ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసే ఊరి లెక్కల) దుమ్ము దులుపుతూ ఉండగా పట్టుకున్న పిచ్చి ఇది, ఇంకా వదలలేదు. కాబట్టి సమాధానం కొంచెం పొడవుగానే ఉంటుంది.

ముందు ఇంటిపేరు సంగతి. ఉదాహరణకు, నెల్లూరి వారికి ఆ ఇంటిపేరు నెల్లూరులో ఉండగా వచ్చి ఉండదు. నెల్లూరులో అందరూ నెల్లూరు వారే గనుక అక్కడ ఆ పేరుతో ఎవరినీ వేరుగా పిలవవలసిన పని లేదు. ఆ ఊరు వదిలి మరో ఊరు చేరాక, అక్కడి జనం ఫలానా ఊరి నుంచి వచ్చినవారని గుర్తుపెట్టుకోవడానికి అలా పిలిచి ఉంటారు. అంటే ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేరు మీ వాళ్ళు ఏ ఊరు విడిచి వచ్చారో చెబుతుందే గాని, ఎప్పుడు విడిచారో, మధ్యలో ఎన్ని ఊళ్ళు మారారో చెప్పదు. పైగా అదే పేరున్న పల్లెలు రెండు మూడు జిల్లాల్లో ఉంటాయి, అదే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో ఉంటుంది. అక్కడికి వెళ్ళి వాకబు చేస్తే ఎవరో ఒక పెద్దమనిషి ఆప్యాయంగా కాఫీ ఇచ్చి, మీరు మా వాళ్ళేనని చెప్పి పంపిస్తారు, అంతకు మించి ఏమీ తేలదు. ఆ ప్రయాణాన్ని చివరికి పెట్టుకోండి. నా అనుభవంలో దారి చూపేవి రెండే: ఒకటి భూమి, రెండోది ఆడవాళ్ళ పుట్టిళ్ళు.

పుట్టిళ్ళతోనే మొదలుపెట్టండి, ఎందుకంటే ఆ సమాచారం కాగితం మీద ఉండదు, ఉన్న మనుషులు ఎల్లకాలం ఉండరు. మీ వైపు బతికి ఉన్నవారిలో అందరికంటే పెద్ద ఆవిడ ఎవరో చూసి ఆమె దగ్గర కూర్చోండి. మగవాళ్ళు తమ ఇంటి వరుస ఒక్కటే చెబుతారు. పెద్ద ముత్తైదువకు పుట్టిల్లు, మెట్టినిల్లు, తోడికోడళ్ళ పుట్టిళ్ళు, ఆడపడుచులను ఇచ్చిన ఊళ్ళు, అన్నీ నోటికి వచ్చు. మన వంశం గురించి చెప్పమంటే మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేరు. మీ పెళ్ళికి ఎవరెవరు వచ్చారు, మీ అత్తగారిని ఏ ఊరి నుంచి తెచ్చుకున్నారు, గట్టు తగాదా ఎవరితో వచ్చింది, పురుళ్ళకు ఎక్కడికి వెళ్ళేవారు అని అడిగి చూడండి, మాట దానంతట అదే సాగుతుంది. ఫోనులో రికార్డు చేసుకోండి. రాసుకునేటప్పుడు ప్రతి విషయం పక్కన ఎవరు చెప్పారో, ఏ రోజున చెప్పారో తప్పకుండా వేయండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి, అప్పటికప్పుడు తీర్పు చెప్పకండి.

ఇక్కడ ఒక చిక్కు ముందే చెబుతాను. మన ఇళ్ళలో మేనరికాలు ఎక్కువ. అక్క కూతురినో మేనమామ కూతురినో చేసుకోవడం మూడు తరాలు నడిచిన కుటుంబంలో ఒకే మనిషి మీకు రెండు వరుసల్లో తగులుతారు, అప్పుడు మీరు గీసేది చెట్టులా ఉండదు, వలలా ఉంటుంది. ఇది ఇబ్బందే గాని ఉపకారం కూడా, ఎందుకంటే నాయనమ్మ పుట్టింటి వైపు వెళ్తే తిరిగి మీ ముత్తాతగారి అక్క దగ్గరే తేలుతారు, మీ ఇంట్లో పోయిన పేర్లు ఆ ఇంట్లో దొరుకుతాయి.

తర్వాత ట్రంకు పెట్టెలు తెరిపించండి. అందరూ ఫోటోలు, జాతకాలు, శుభలేఖలు వెతుకుతారు. చదివింపుల పుస్తకాన్ని ఎవరూ పట్టించుకోరు. మా అమ్మ పెళ్ళి నాటి నలభై పేజీల నోటుబుక్కు ఒకటి మా మేనమామ ఇంట్లో దొరికింది. అందులో ఒక వరుసలో దాత పేరు, పక్కన ఊరు, దాని కింద చిన్న అక్షరాలతో “పెద్దత్తగారి మరిది”, ఎదురుగా రెండు రూపాయలు, ఒక జాకెట్టు గుడ్డ అని ఉంది. ఆ పెద్దత్తగారు ఎవరో మాలో ఎవరికీ తెలియదు. ఆ ఊరు పట్టుకుని వెళ్తే మా తాతగారి పెద్దక్కను అక్కడ ఇచ్చారని, ఆమె బాలింతగా పోయాక రాకపోకలు తగ్గాయని తెలిసింది. పెళ్ళిలో ఎవరు ఎంత చదివించారో రాసుకునేది తిరిగి పెట్టడానికే అయినా, ఆనాటి మీ బంధువర్గం మొత్తానికి అంతకు మించిన జాబితా మరొకటి ఉండదు.

మీ ఇంట్లో తర్పణాలు, తద్దినాలు పెట్టే ఆచారం ఉంటే సగం పని అయినట్టే. తర్పణంలో తండ్రి, తాత, ముత్తాత, అలాగే తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు, ఆపైన మాతామహుల వైపు మూడు తరాలు పేరుపేరునా చెప్పాలి. పెళ్ళిలో ప్రవర చదివేటప్పుడు వధూవరులిద్దరికీ ముత్తాత, తాత, తండ్రి పేర్లు వస్తాయి కాబట్టి ఇంట్లో జరిగిన పాత పెళ్ళి వీడియో ఉన్నా ఓపికగా వినండి. ఆ ఆచారం లేని ఇళ్ళలో సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు ఎవరి పేర తీస్తారో అడగండి. మీ అమ్మగారి వైపు అయితే పెత్రమాస నాడు ఎవరెవరి పేర బియ్యం ఇస్తారో అడగండి. ఇలవేల్పు ఎవరు, పుట్టువెంట్రుకలు ఎక్కడ తీస్తారు అన్నది కూడా రాసుకోండి. ఇంటిపేరు చెప్పే ఊరి కంటే ఇలవేల్పు ఉన్న ఊరికి నేను ఎక్కువ విలువ ఇస్తాను, మనుషులు ఊరు మారినా మొక్కు తీర్చుకోవడానికి పాత చోటికే వెళ్తూ వచ్చారు గనుక.

తేదీలు ఎవరూ చెప్పరు, గుర్తులు చెబుతారు. వాటిని సంవత్సరాలుగా మార్చుకోవడం నేర్చుకోవాలి. డొక్కల కరువు అంటే 1832-33, దానినే నందన కరువు అని కూడా అన్నారు. ధాత కరువు 1876లో మొదలైంది. బందరు ఉప్పెన 1864 నవంబరు. మూసీ వరద 1908 సెప్టెంబరు. సూర్యాపేట వైపు పెద్దలు పోలీసు చర్యకు ముందో తర్వాతో అంటే అది 1948 సెప్టెంబరు. తెలుగు సంవత్సరం పేరు తెలిస్తే మరీ మంచిది. పార్థివలో పోయారంటే అది 1885-86 గాని, 1945-46 గాని, 2005-06 గాని అయి ఉండాలి. అరవై ఏళ్ళ ఎడంలో మనిషి ఏ తరం వాడో తేల్చుకోవడం కష్టం కాదు. తిథి, వారం కూడా తెలిస్తే పాత పంచాంగంతో సరిచూసి ఇంగ్లీషు తేదీ పట్టుకోవచ్చు. బడి రికార్డులో ఉన్న పుట్టిన తేదీని మాత్రం గుడ్డిగా నమ్మకండి. ఆ తరంలో ఎంతమంది జూలై ఒకటిన పుట్టారో చూస్తే అవి ఎలా వేసినవో మీకే అర్థమవుతుంది.

ఇక భూమి. మీ నాన్నగారి ఊరి విషయంలో మొదట గుర్తుంచుకోవలసింది, ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలో, ఆ తర్వాత 1970 వరకు గుంటూరు జిల్లాలో ఉంది, ప్రకాశం జిల్లా ఆ తర్వాతిది. అందువల్ల మీ ఊరి 1890 నాటి ప్రస్తావన నెల్లూరు జిల్లా రికార్డుల్లోను, 1930 నాటిది గుంటూరు జిల్లా రికార్డుల్లోను వెతకాలి. 1985లో మండలాలు రాకముందు తాలూకా, ఫిర్కా (తాలూకాలో ఒక భాగం) పేర్లతో వెతకాలి. ఇంగ్లీషు కాగితాల్లో అయితే ఊళ్ళ పేర్లు అప్పటి స్పెల్లింగులతోనే ఉంటాయి. బెజవాడ, కొకనాడ, మసూలిపటం, ఎల్లూరు అని వెతకకపోతే ఎదురుగా ఉన్నా కనబడవు.

ఆంధ్రప్రదేశ్ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో కనిపించేది ఇప్పటి హక్కుదారుల వివరం. మీకు కావలసినవి తహసీల్దారు కార్యాలయంలో, కలెక్టరేటు రికార్డు గదిలో ఉండే ఆర్.ఎస్.ఆర్. (సర్వే తర్వాత రాసిన భూముల రిజిస్టరు), డైగ్లాట్ (ఇంగ్లీషు, తెలుగు రెండింటిలో రాసిన రిజిస్టరు), ఫెయిర్ అడంగల్, పాత అడంగళ్ళు. సర్వే నంబరు తెలిస్తే ఆర్.ఎస్.ఆర్.లో ఆనాటి పట్టాదారు పేరు దొరుకుతుంది. అడంగల్‌లో పట్టాదారుతోపాటు అనుభవదారు కాలమ్ కూడా ఉంటుంది కాబట్టి సొంత భూమి లేని కౌలుదారు పేరు కూడా దొరికే అవకాశముంది. వీటిలో సంవత్సరం ఫసలీలో, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరంలో, వేస్తారు. దానికి 590 కలుపుకోండి. ఫసలీ 1320 అంటే 1910 జూలై నుంచి 1911 జూన్ వరకు. 1984 జనవరిలో కరణాల, మునసబుల పదవులు రద్దయినప్పుడు రికార్డులన్నీ పద్ధతిగా చేతులు మారలేదు. కొన్ని ఊళ్ళలో పాత కరణంగారి ఇంటి అటక మీద ఇప్పటికీ కట్టలు ఉన్నాయి, మర్యాదగా అడిగితే చూపిస్తారు. కార్యాలయంలో నకలు ఇవ్వడానికి ఇబ్బంది పెడితే సమాచార హక్కు చట్టం కింద సర్వే నంబరు, ఫసలీ స్పష్టంగా రాసి దరఖాస్తు చేయండి. మా వంశానికి సంబంధించిన రికార్డులన్నీ ఇవ్వండి అని రాస్తే తిరస్కరించడానికి మీరే దారి చూపించినట్టు అవుతుంది.

అంతకంటే విలువైనది సబ్-రిజిస్ట్రారు కార్యాలయం. ఆన్‌లైనులో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి మనిషి కూర్చుని ఇండెక్సు పుస్తకాల్లో వెతకాలి, దానికి ఫీజు కట్టాలి. ఇండెక్సు ఒకటి మనుషుల పేర్ల మీద, ఇండెక్సు రెండు ఆస్తి మీద ఉంటాయి. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి. రాసినవారు చనిపోయాక వాటి నకలు ఎవరైనా అడగవచ్చు. పాత దస్తావేజు చేతికి వచ్చాక తొందరపడి పేరు చూసి పక్కన పెట్టకండి. మొదటి వాక్యంలో తండ్రి పేరు, వయసు, జీవనం, కాపురం ఉంటాయి. మధ్యలో “నా తండ్రికి ఫలానా సంవత్సరం భాగపరిష్కారం వల్ల సంక్రమించి” అని ఉంటే అది మరో దస్తావేజుకు దారి. చివరలో హద్దులు ఉంటాయి, అసలు సారం అక్కడే. అన్నదమ్ములు పంచుకున్న పొలంలో తూర్పు హద్దూ పడమటి హద్దూ దాయాదులే అవుతారు కాబట్టి, నాలుగు హద్దులు చదివితే ఒక తరం అన్నదమ్ముల పేర్లు వరుసగా వస్తాయి.

హద్దులు చదవకపోవడం వల్ల నేనే మూడేళ్ళు పోగొట్టుకున్నాను. మనవాళ్ళు తాత పేరు మనవడికి పెడతారు. కొడుకులు నలుగురైతే నలుగురూ తమ పెద్దకొడుక్కి ఆ పేరే పెడతారు. మా ముత్తాతగారి పేరుతో ఊళ్ళో ఇంకొకాయన ఉన్నారన్న ఆలోచన లేక, అడంగల్‌లో కనిపించిన పేరు పట్టుకుని ఆయన సంతానం, అప్పులు, కోర్టు దావా అన్నీ శ్రద్ధగా మా లెక్కలో రాసుకుంటూ పోయాను. చివరికి ఒక అమ్మకపు దస్తావేజులో అమ్మినవారిదీ ఆ పేరే, దక్షిణపు హద్దులో ఉన్నవారిదీ ఆ పేరే కనబడింది. ఇద్దరూ ఒకరేనా అన్న అనుమానం వచ్చి తండ్రి పేర్లు చూస్తే, ఇద్దరూ పెదనాన్న, చిన్నాన్న పిల్లలు. నేను ఇష్టంగా రాసుకున్న చరిత్ర అంతా హద్దులో ఉన్నాయనది. అప్పటి నుంచి తండ్రి పేరు గాని, భార్య పేరు గాని, సర్వే నంబరు గాని కలవకుండా ఏ పేరునూ పట్టికలోకి ఎక్కించడం లేదు. దత్తతలూ, ఇల్లరికాలూ ఇలాగే తికమక పెడతాయి. ఒక మనిషి ఉన్నట్టుండి వేరే తండ్రి పేరుతో కనిపిస్తే ముందు దత్తత జరిగిందేమో చూడండి.

మీ కుటుంబానికి ఎప్పుడైనా మాన్యం (ఇనాంగా ఇచ్చిన భూమి) ఉండేదని వినిపిస్తే దాన్ని వదలకండి. 1858లో ఏర్పాటైన ఇనాం కమిషన్ మద్రాసు ప్రెసిడెన్సీలోని మాన్యాలను విచారించి రాయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టరులో మాన్యం మొదట ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, అప్పటి అనుభవదారు ఎవరు, వయసెంత, మొదటి గ్రహీతకు ఏమవుతారు అన్న కాలమ్‌లు ఉన్నాయి. అంటే ఒకే వరుసలో రెండు మూడు తరాలు దొరుకుతాయి. ఇది అర్చకులకూ అగ్రహారీకులకూ మాత్రమే పనికివచ్చేదనుకోవద్దు; తలారి, వెట్టి, నీరుగంటి, మంగలి, చాకలి సేవలకు ఇచ్చిన మాన్యాలు కూడా అందులో ఉన్నాయి. కాగితాల్లో పేరే లేదనుకునే కుటుంబాలకు కొన్నిసార్లు అత్యంత పాత ఆధారం అదే అవుతుంది. జమీందారీ ఊళ్ళ సంగతి వేరు. 1948 నాటి జమీందారీ రద్దు చట్టం తర్వాత సర్వే జరిగిన ఊళ్ళు చాలా ఉన్నందువల్ల అక్కడ అంతకు ముందు రైతు పేర్లు ఎస్టేటు లెక్కల్లో వెతకాలి, అది కష్టమైన పని.

సూర్యాపేట వైపు పద్ధతి పూర్తిగా వేరు, ఎందుకంటే అది నిజాం రాజ్యం. అక్కడ 1954-55 ఖాస్రా పహాణీతో (పహాణీ అంటే అక్కడి అడంగల్) మొదలుపెట్టి, దాని తర్వాతి చెసలా పహాణీ చూసి, వెనక్కి సేత్వార్‌కు (మొదటి సర్వే నాటి భూముల రిజిస్టరుకు) వెళ్ళాలి. పాత సేత్వార్లు ఉర్దూలో, గొలుసుకట్టు రాతలో ఉంటాయి. చదవగలిగిన పెద్దలు తగ్గిపోతున్నారు, కాబట్టి నకలు దొరికిన రోజే చదివించుకోండి. ఖాస్రాలో పట్టాదారుతోపాటు కబ్జాదారు (భూమి అనుభవంలో ఉన్నవారి) పేరు ఉంటుంది. కౌలు కుటుంబమైతే 1950 నాటి కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల జాబితా అడగండి. హైదరాబాదు రాజ్యంలో ఫసలీ జూలైలో గాక అక్టోబరులో మొదలయ్యేది, తేదీ లెక్కలో అది మరవకండి. నిజాం కాలపు పై స్థాయి కాగితాలు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి గాని, మొదటి ఏడాదిలో మీకు వాటితో పని పడదు.

భూమి లేని కుటుంబాలకు, ఉన్నవారికి కూడా, మరో ఆధారం మిరాశీగా (వంశపారంపర్య హక్కుగా) వంశాలు చెప్పే కులాలవారు. రెడ్లకు, కాపులకు పిచ్చుకుంట్లవారు, వీరినే వంశరాజులంటారు. పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందహెచ్చులవారు, మాదిగలకు డక్కలివారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు. ఏడాదికో రెండేళ్ళకో ఊరికి వచ్చి ఇంటిపేర్లు, గోత్రాలు వల్లించి తమకు రావలసింది తీసుకునేవారు. పురాణభాగాన్ని పురాణంగానే వినండి, కాని ఫలానా ఇంటివారు ఫలానా ఊరి నుంచి వచ్చి ఇక్కడ నిలిచారన్న భాగం చాలాసార్లు నిజమవుతుంది. క్రైస్తవ కుటుంబాలకు బాప్తిస్మ పుస్తకాలు ఉన్నాయి. మీ ఒంగోలు ప్రాంతంలోనే అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారు 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ధాత కరువు వెంట వచ్చిన ఆ మార్పు మీ ఇంట్లో ఒక శాఖకు తగిలిందేమో, పేర్లు మారిపోయిన దాయాదులు ఉన్నారేమో అడిగి చూడండి.

రంగం వెళ్ళిన పెదతాతగారి విషయంలో మీకు ఎక్కువ ఆశ పెట్టలేను. 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు, 1903 నుంచి 1916 వరకు మద్రాసు రేవు మీదుగా ఫిజీకి, అంతకు ముందే మారిషస్‌కు వెళ్ళిన కూలీలకు ఒప్పందాలుండేవి. తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాసిన పాసులూ పట్టికలూ ఉండేవి, చాలావరకు ఇప్పటికీ ఉన్నాయి. బర్మా అలా కాదు. 1937 వరకు అది బ్రిటిషు ఇండియాలో భాగమే కాబట్టి, మేస్త్రీల వెంట ఓడెక్కినవారికి అటువంటి పాసుల అవసరం లేకపోయింది. ఆయన అక్కడి నుంచి రాసిన కార్డులు, పంపిన మనియార్డరు రసీదులు ఏవైనా ఇంట్లో ఉంటే ముద్ర మీది తేదీ, తపాలా కార్యాలయం చూడండి. చివరి కార్డు 1941 డిసెంబరుకు ముందుదైతే, రంగం మీద బాంబులు పడ్డాక అడవిదారిన నడిచి వచ్చినవారిలో ఆయన ఉన్నారేమోనన్న అనుమానం మిగులుతుంది, అంతే. అదే ఊరి నుంచి ఆయనతో వెళ్ళి తిరిగి వచ్చినవారి ఇళ్ళలో అడగడం ఒక్కటే దారి.

మిగిలినవి క్లుప్తంగా. జనగణనలో పేర్లు దొరుకుతాయని విదేశాల్లోని మన పిల్లలు అనుకుంటారు; 1948 జనగణన చట్టం ప్రకారం వ్యక్తుల వివరాలు రహస్యం, ఎవరికీ చూపించరు. కాశీ, గయ వెళ్ళిన పెద్దలుంటే అక్కడి పండాల బహీల్లో (యాత్రికుల వివరాలు రాసే పుస్తకాల్లో) వారి సంతకం, ఊరు, వెంట వచ్చినవారి పేర్లు ఉండవచ్చు, కాని మీ ప్రాంతం వారి పండా ఎవరో ముందు తెలుసుకుని వెళ్ళండి. ఆస్తి పంపకాల దావా హైకోర్టు వరకు వెళ్ళిన ఇల్లయితే తీర్పులోనే వంశవృక్షం అచ్చయి ఉంటుంది. తగాదాపడిన పూర్వీకులకు ఈ ఒక్క విషయంలో రుణపడి ఉంటాం. డీఎన్ఏ పరీక్షకు ఇప్పుడే డబ్బు పెట్టకండి, మేనరికాల వల్ల దూరపు చుట్టాలు కూడా అందులో దగ్గరివారిగా కనిపిస్తారు.

మీ మేనత్తగారికి ఎనభై దాటాయని రాశారు. ఈ పండక్కి వెళ్ళి రెండు రోజులు ఆమె దగ్గర ఉండండి. వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న అతి పాత పొలం కాగితాన్ని రెండువైపులా ఫోటో తీసుకుని రండి. అందులోని సర్వే నంబరు, ఫసలీ, నాలుగు హద్దులు ఉన్నవి ఉన్నట్టుగా ఇక్కడ రాస్తే, ఆ తర్వాత ఏ కార్యాలయంలో ఏ పుస్తకం అడగాలో చెబుతాను.